కొంపలేం మునగవు అంటుంటాం గదా

సిమెంటు ఎట్లా పుట్టిందో రాసినప్పుడు చాలామంది ఇంకా రాయమన్నారు. ఇది పొడుగు పోస్టు. సగం లంచ్‌లో, సగం వ్యాన్‌లో చదువుకోండి. ఈసారి ఒక మాట గురించి రాస్తున్నా. మనందరం రోజుకు పదిసార్లు వాడే మాటే.

రెండు వారాల కింద జరిగింది. చలికాలం వస్తుందంటే మన పనుల్లో ఏమవుతుందో మీకు తెలుసు. బయట కాంక్రీటు పని తగ్గుతుంది, కొంతమందిని ఇంటికి పంపిస్తారు. ఈసారి ఆ లిస్టులో మన తమ్ముడొకడు ఉన్నాడు. ఊర్లో అప్పు ఉంది, వడ్డీ నెలనెలా కట్టాలి. వాడి మొహం చూసి మా సూపరింటెండెంటు, తెల్లాయన, మనిషి మంచోడే, భుజం తట్టి "ఇది ప్రపంచానికి అంతం కాదులే" అన్నాడు ఇంగ్లీషులో. వాడికి సరిగ్గా అర్థమైందో లేదో అని నేను మన మాటల్లో చెప్పాను. "ఏం గాదు తమ్మీ, కొంపలేం మునగవు."

వాడు ఒక్క నిమిషం ఆగి అన్నాడు, "అన్నా, మా తాత కొంప నిజంగనే మునిగింది గద."

వాళ్ళది కొల్లాపూర్ వైపు. శ్రీశైలం డ్యామ్ నీళ్ళల్లో పోయిన ఊరు. నాది కూడా పాలమూరే, కానీ మాది మెట్ట, మా కొంప మునగాలంటే ముందు వాన పడాలి. ఇన్నేళ్ళుగా ఆ మాట అంటున్నా గానీ, మునిగిన కొంపలు ఎవరివి అని ఒక్కరోజు కూడా ఆలోచించలే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి తెలిసిందీ, చదివిందీ, పెద్దలను ఫోన్ చేసి అడిగిందీ కలిపి రాస్తున్నా.

ముందు మాట సంగతి. ఇంగ్లీషు వాళ్ళు ధైర్యం చెప్పాలంటే ప్రపంచం అంతమేం కాలేదు అంటారు. మనం ప్రపంచం దాకా పోం, కొంప దగ్గరే ఆగుతాం. కొంప అంటే గుడిసె, చిన్న ఇల్లు. బ్రౌన్ దొర 1852లో అచ్చేసిన నిఘంటువులో కూడా దాదాపు అదే అర్థం. మేడ ఉన్నోడు కూడా కష్టం వస్తే "నా మేడ మునిగింది" అనడు, కొంప మునిగింది అనే అంటాడు. పాత రోజుల్లో మన ఇళ్ళు మట్టిగోడ, పైన తాటాకో, రెల్లుగడ్డో. దానికి శత్రువులు ఇద్దరు. ఎండాకాలం నిప్పు, వానాకాలం నీళ్ళు. అందుకే మనకు రెండు మాటలున్నాయి. తొందరపడితే "కొంపలంటుకున్నట్టు ఏంది ఆ ఉరుకుడు" అంటాం. నష్టపోతే "కొంప మునిగింది" అంటాం. మోసం చేసినోడిని "కొంప ముంచాడు" అంటాం. ఎవడి దగ్గరైనా డబ్బులు కట్టి వీసా రాకపోతే మనం అనే మొదటి మాట అదే గదా.

ఇంకో రెండున్నాయి, ఇవి నాకు బాగా నచ్చాయి. ఒకటి "కొంప కొల్లేరైంది". కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యన కొల్లేరు సరస్సు ఉంది గదా. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ అందులోకే వచ్చి పడతాయి, సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే నీళ్ళు ఎక్కువ, పోయే దారి తక్కువ అయితే ఏమవుతుందో డ్రైనేజీ పని చేసినోళ్ళకు చెప్పక్కర్లేదు. ఇల్లు కూడా సరస్సులో భాగమైపోతుంది. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్ నగర్ వైపు బుడమేరు వచ్చి పడినప్పుడు టీవీలో చూశాం, రోజుల తరబడి జనం మేడల మీదే ఉన్నారు. సామెత ఎప్పటిదో, సాక్ష్యం మాత్రం నిన్నమొన్నటిది.

రెండోది "పుట్టి మునిగింది". ఇది మా వైపు ఎక్కువ. పుట్టి అంటే గింజలు కొలిచే పుట్టి కాదు, ఏరు దాటే పుట్టి. వెదురుతో గంప లాగా గుండ్రంగా అల్లి, బయట తోలు కప్పుతారు. ఇప్పుడు తోలు బదులు తారు పూసిన గోనెపట్టా, ప్లాస్టిక్ పట్టా. 1520 ప్రాంతంలో విజయనగరం చూడటానికి వచ్చిన పోర్చుగీసు ఆయన డొమింగో పాయెస్ ఈ పుట్టీల గురించి రాసిపెట్టాడు. మనుషులను పదిహేను ఇరవై మందిని ఎక్కిస్తారని, గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తారని. అంటే ఐదు వందల ఏళ్ళ కింద కూడా తుంగభద్ర, కృష్ణ దాటాలంటే గంపలోనే ప్రయాణం. నడిమిట్ల అది మునిగితే మనిషి, ఎద్దు, సంతకు పోయే సరుకు అన్నీ పోతాయి. అందుకే "ఇప్పుడేం పుట్టి మునిగిందని" అంటాం. చెప్పేవాడు గట్టు మీద ఉండి చెప్తాడు, అది వేరే సంగతి.

ఇక పెద్ద మాటలు. యుగాంతం, ప్రళయం, కల్పాంతం. ఇవి పుస్తకాల నుంచి, హరికథల నుంచి వచ్చాయి, ఇప్పుడు టీవీ వాళ్ళ సొత్తయ్యాయి. 2012లో గుర్తుందా? డిసెంబరు 21న మాయా క్యాలెండర్ అయిపోతుంది, యుగాంతం అని మన ఛానళ్ళు నెలల తరబడి ఊదరగొట్టాయి. ఆ క్యాలెండర్ లెక్క క్రీస్తుకు ముందు 3114లో మొదలవుతుంది. మన కలియుగం లెక్క క్రీస్తుకు ముందు 3102లో మొదలవుతుంది. పన్నెండేళ్ళే తేడా! సముద్రాలకు అటుపక్క, ఇటుపక్క, ఒకరికొకరు తెలియని జనం. నాకు ఇది చదివి భలే ఆశ్చర్యమేసింది. కానీ లెక్క చూస్తే రెండింట్లోనూ అంతం అనేది లేదు. మాయా వాళ్ళది ట్రక్కులో మైళ్ళు చూపించే మీటరు లాంటిది. అన్నీ తొమ్మిదులు అయ్యాక మళ్ళీ సున్నాలు వస్తాయి, ట్రక్కు పేలిపోదు. మన కలియుగం 4,32,000 ఏళ్ళు. అందులో అయిపోయింది 5,100 పైచిలుకు. యుగాంతం అంటే ఇంకో యుగం మొదలు అనే మన పెద్దల అర్థం. అంతా నీళ్ళల్లో కలిసిపోయే ప్రళయం వేరే, దానికి లెక్క కోట్ల ఏళ్ళలో. ఈ రెండూ కలిపేసి మనల్ని భయపెట్టారు. డిసెంబరు 22, శనివారం, మామూలుగానే తెల్లారింది. ఓవర్‌టైం ఉన్నోళ్ళు పనికి కూడా పోయారు.

దానికన్నా ముందు స్కైలాబ్. నేను అప్పుడు చంటిపిల్లోడిని, మా అమ్మ చెప్తుంది. అమెరికా వాళ్ళు 1973లో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం, 77 టన్నుల బరువు. 1979లో అది కింద పడుతుంది, ఎక్కడ పడుతుందో తెలియదు అని రేడియోలో, పేపర్లో వచ్చింది. మన ఊళ్ళల్లో లోకం అయిపోయింది అనుకున్నారు. ఎట్లాగూ పోతాం గదా అని కోళ్ళు కోసుకున్నారు, మేకలు కోసుకున్నారు, కల్లు తాగారు, దాచుకున్న పైసలు ఖర్చుపెట్టారు. జులై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి వైపు ముక్కలై పడింది. ఆ ఊరి వాళ్ళు చెత్త వేశారని నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. మన వాళ్ళకు కోళ్ళు పోయాయి, లోకం మిగిలింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 2021లో సినిమా కూడా వచ్చింది.

ఇట్లా పెద్ద మాటతో చెప్పిన అంతం ఎప్పుడూ రాలేదు. చిన్న మాటతో చెప్పిన అంతం మాత్రం వస్తూనే ఉంది. ఇదే నాకు ఆ తమ్ముడి వల్ల తెలిసింది.

ఇంకొంచెం లోతుకు పోతే పెద్ద మాట లోపల కూడా మునిగిన ఊరే ఉంది. ద్వాపరయుగం ఎట్లా అయిపోయింది? భూమి పగిలిందా? లేదు. యాదవుల్లో ముసలం పుట్టింది, వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని చచ్చారు, కృష్ణుడు పోయాడు, ద్వారకను సముద్రం ముంచింది. ఒక్క ఊరు మునిగింది, దాన్ని యుగాంతం అన్నారు. బెజవాడలో అయితే కృష్ణమ్మ వచ్చి కొండ మీద దుర్గమ్మ ముక్కుపుడక తాకితే కలియుగం అయిపోతుందని జనం అంటారు. బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారంటారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చినప్పుడు కూడా వాట్సాప్‌లో ఇదే తిరిగింది. అంటే మన వాళ్ళు లోకం అంతాన్ని కూడా వరద మట్టంతోనే కొలిచారు. స్కేలు పాతిపెట్టినట్టు.

ఆ కొలతకు కారణం ఉంది. 1864 నవంబరు 1న బందరు మీదికి సముద్రం వచ్చింది. 30,000 మంది దాకా పోయారని రాశారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కే పది వేల పైన. వరి కోతకొచ్చిన టైం. తాటిచెట్లు, తుమ్మచెట్లు పట్టుకుని బతికినవాళ్ళు ముళ్ళు గుచ్చుకున్న మచ్చలు చూపిస్తారు. అటువైపు ముసలోళ్ళు ఇప్పటికీ వయసు చెప్పాలంటే "ఉప్పెనకు ముందు పుట్టాను" అంటారు. వాళ్ళకు అదే యుగాంతం, అదే కొత్త యుగం. ఉప్పెన తర్వాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు, ముందే చెప్పి జనాన్ని తరలించడం నేర్చుకున్నారు. 1990 మే నెలలో మళ్ళీ భారీ తుఫాను వచ్చింది. ఇళ్ళు లెక్కలేనన్ని పోయాయి, మనుషులు మాత్రం వెయ్యి లోపే పోయారు. వెయ్యి కూడా ఎక్కువే. కానీ పది వేలకూ దానికీ మధ్యలో ఉన్నది స్తంభాల మీద నిలబెట్టిన కాంక్రీటు, టైముకు వచ్చిన కబురు. మన పని గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే నేను ఇది చెప్తుంటా.

ఇప్పటిదాకా రాసింది దానంతట అది వచ్చిన నీళ్ళ గురించి. తమ్ముడి తాత ఊరు ముంచింది మనుషులు నిలబెట్టిన నీళ్ళు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. ఆ నీళ్ళ కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది, 1,700 ఏళ్ళ కిందటి ఊరు. ముంచే ముందు తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు, అదే ఇప్పుడు మనం లాంచీలో పోయి చూసే నాగార్జునకొండ. శ్రీశైలానికి కూడా నెహ్రూనే 1963లో పునాది వేశాడు. కట్టిన చేతుల్లో మా పాలమూరు లేబర్ చేతులు ఎన్నో. డ్యామ్ ఎక్కడ కట్టినా మా వాళ్ళు ఉంటారు, ఇది దేశమంతా తెలుసు. తట్ట మోసినవాళ్ళ జిల్లాలోనే ఊళ్ళు మునిగాయి. పాలమూరు, కర్నూలు రెండు జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్ళు, లక్ష మంది దాకా జనం. 1981 జూన్‌లో ఇళ్ళు కూలగొట్టి ఖాళీ చేయించారు. దానికి పేరు ఆపరేషన్ డిమాలిషన్. గుడులను మాత్రం రాయి రాయి నంబర్లు వేసి విప్పి, ఆలంపూర్ లాంటి చోట్లకు తెచ్చి మళ్ళీ పేర్చారు. ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల చుట్టూ గట్టు కట్టి కాపాడారు. బాగా చేశారు, నేను పోయి చూశాను, ఆ పని చూస్తే మన లాంటోళ్ళకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇళ్ళకు మాత్రం ఎవరూ నంబర్లు వేయలేదు.

1986లో జీవో 98 వచ్చింది, మునిగిన ఇంటికి ఒక ఉద్యోగం అని. కొందరికి వచ్చింది. మిగతావాళ్ళు ఎదురుచూస్తూ ముసలోళ్ళయ్యారు. ఆ ఇళ్ళ పిల్లల్లో ఎంతమంది బొంబాయి, పూణె, దుబాయి సైట్లలో ఉన్నారో మనకు తెలుసు, మన పక్కనే తిన్నారు, పడుకున్నారు. ఆ నీళ్ళు ఎటు పోయాయంటే కరెంటుగా ఊళ్ళకు, కాలువలుగా పొలాలకు, తెలుగుగంగగా చెన్నై కుళాయిలకు. ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పోయి దండం పెట్టుకుంటారు. మునిగిన ఊళ్ళ గోడల మొదళ్ళు, బావి గట్లు కూడా బయటపడతాయి. తమ్ముడు చిన్నప్పుడు వాళ్ళ తాత తీసుకుపోయి చూపించాడట. "ఇది వంటిల్లు, ఇది పశువుల కొట్టం" అని బురదలో నిలబడి.

ఇదంతా మన దేశంలోనే అనుకోకండి. పార్సిప్పనీలో ఉండేవాళ్ళు, 287 మీద రోజూ పోయేవాళ్ళు ఒక పెద్ద చెరువు చూస్తారు, చుట్టూ చెట్లు, చుట్టూ కంచె. అది బూంటన్ రిజర్వాయర్. ఒక ఒడ్డు బూంటన్, ఒక ఒడ్డు మన పార్సిప్పనీ. ఆ నీళ్ళ కింద ఒక ఊరుంది. పాత బూంటన్.

1760ల నుంచి రాకవే నది పక్కన ఇనుప పని చేసుకున్న ఊరు అది. అప్పుడు ఇక్కడ బ్రిటిష్ వాళ్ళ రాజ్యం. 1750 నాటి చట్టం ప్రకారం ఇక్కడ ఇనుమును కోసి మేకుల కడ్డీలు చేసే కొత్త మర పెట్టకూడదు, మేకులు వాళ్ళ దగ్గరే కొనాలి. పాత బూంటన్ వాళ్ళు పైన పిండిమర నడుపుతూ, కింద దొంగతనంగా ఇనుప మర నడిపారని, తనిఖీకి వచ్చిన గవర్నరుకు బాగా భోజనం పెట్టి పంపించారని ఇక్కడివాళ్ళు కథగా చెప్పుకుంటారు. ఇన్‌స్పెక్షన్ రోజు భోజనం అప్పటి నుంచే ఉందన్నమాట. తర్వాత 1830 ప్రాంతంలో మోరిస్ కాలువ వచ్చాక ఇనుప పని ఎగువకు, ఇప్పుడున్న బూంటన్‌కు మారిపోయింది. పాత ఊరు పలచబడింది. జెర్సీ సిటీకి నీళ్ళు కావాలని ఇక్కడ డ్యామ్ కట్టి, 1904లో నీళ్ళు పంపడం మొదలుపెట్టారు. మిగిలిన ఊరు అడుగుకు పోయింది. 1908లో డాక్టర్ జాన్ లీల్ అనే ఆయన ఈ నీళ్ళల్లోనే క్లోరిన్ కలిపించాడు. అమెరికాలో ఒక ఊరి మంచినీళ్ళకు ఆపకుండా రోజూ క్లోరిన్ కలపడం అదే మొదలు. టైఫాయిడ్‌తో చచ్చిపోయే రోజులవి. ఇప్పుడు జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్‌లో ఉండే మనవాళ్ళు కుళాయి తిప్పి టీ పెట్టుకునేది ఈ ఊరి మీద నిలబడ్డ నీళ్ళతోనే.

శ్రీశైలమూ ఇదీ ఒకటే అని నేను అనను. అక్కడ పచ్చగా నడుస్తున్న ఊళ్ళను ఒక ఎండాకాలంలో లేపేశారు, ఇక్కడ చాలావరకు ముందే ఖాళీ అయిన ఊరు. కానీ నీళ్ళు తాగేవాడికి అడుగున ఏముందో తెలియకపోవడం రెండు చోట్లా ఒకటే. నేనూ తెలియకుండానే ఇన్నేళ్ళు ఆ కంచె పక్కనుంచి పోయాను.

అదే రాకవే నది డ్యామ్ దాటి కిందికి వచ్చి లేక్ హయవాతా పక్కన పోతుంది. మనవాళ్ళు చాలామంది అక్కడి అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫానుకు అక్కడి వీధులు మునిగాయి. మరుసటి ఏడాది అక్టోబరు 29న శాండీ. అది మా దగ్గర నీళ్ళకన్నా చెట్లను, కరెంటును పడగొట్టింది. పెట్రోలుకు బండి నంబరు సరి అయితే ఒకరోజు, బేసి అయితే ఒకరోజు. ఛానళ్ళు చెప్పిన యుగాంతానికి ఇంకా రెండు నెలలు కూడా లేదు. నేను ఆ రోజుల్లో తడిసిన ఇళ్ళ పనికి పోయాను. నీళ్ళు ఎక్కిన గీత కంటే పైకి, నాలుగడుగుల ఎత్తున షీట్‌రాక్ కోసి, లోపలి తడి ఇన్సులేషన్ సంచుల్లో పెట్టి బయట పడేయడం. ఆ వాసన ముక్కులోంచి వారం పోదు. ఒక ఇంట్లో ముసలామె బట్టలారేసే తాడు మీద ఫోటోలు క్లిప్పులు పెట్టి ఆరేసింది. పెళ్ళి ఫోటోలు. మొహాలు కరిగిపోయాయి. "ఇన్సూరెన్స్ వస్తుంది" అని ఎవరో అంటే తల ఊపింది, ఆరేయడం ఆపలేదు. నాకు ఆమెకు చెప్పేంత ఇంగ్లీషు అప్పుడు రాదు. రాకపోవడమే మంచిదైంది, వచ్చి ఉంటే నేనూ ఏదో అనేవాడిని.

తమ్ముడి సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఎడిసన్ వైపు లోపలి పని, ఫ్రేమింగ్, షీట్‌రాక్ ఉన్న ఒక మేస్త్రీ దగ్గర మార్చి దాకా చెప్పి పెట్టించాను. గంటకు రెండు డాలర్లు తక్కువే, కానీ వడ్డీ ఆగదు. పోయిన ఆదివారం వాడిని బూంటన్ రిజర్వాయర్ దగ్గరికి తీసుకుపోయాను. కంచె పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎండాకాలం నీళ్ళు దిగితే ఊరు కనబడ్తదా అన్నా?" అన్నాడు.

"ఇక్కడ అంత దిగవు తమ్మీ" అన్నాను.

ఫోన్ తీసి ఫోటో తీశాడు, వాళ్ళ నాయనకు పంపిండు. అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఎవరి ఊరు బిడ్డా అది, అని.